ద్వీపములను సృష్టించిన రచయిత్రి

మాంత్రికుడనగానే నెరసిన గడ్డమును, చేతిలో మంత్రదండమును, గంభీరమైన కంఠస్వరమును గల వృద్ధుడు మన కన్నులకు గట్టును. తూర్పుదేశముల కథలలోనైనను, పడమటి దేశముల కథలలోనైనను మాంత్రికుడు కథలో ప్రవేశించునప్పటికే ముసలివాడై యుండును. అతనికి బాల్యమున్నదా? అతడు తన విద్యను ఎవరియొద్ద నేర్చెను? నేర్చునప్పుడు తప్పులు చేసెనా? చేసినచో వాని ఫలమును ఎవరు అనుభవించిరి? ఇట్టి ప్రశ్నలు కథ చెప్పువారికిగాని వినువారికిగాని సాధారణముగా తోచవు. అమెరికా దేశమందలి ఒక రచయిత్రికి ఇవి తోచినవి. ఆ ప్రశ్నలకు సమాధానముగా ఆమె వ్రాసిన చిన్న పుస్తకము 1968లో వెలువడి, లోకమున అద్భుత కథలు వ్రాయు పద్ధతినే మార్చెను. ఆమె పేరు ఉర్సులా క్రోబర్ లెగ్విన్.

ఉర్సులా 1929వ సంవత్సరము అక్టోబరు 21వ తేదీన కాలిఫోర్నియా రాష్ట్రములోని బర్క్‌లీ నగరమున జన్మించెను. తండ్రి ఆల్ఫ్రెడ్ క్రోబర్ మానవశాస్త్రమున ప్రఖ్యాతుడైన ఆచార్యుడు. అమెరికా ఖండపు ఆదిమజాతుల భాషలు, కథలు, ఆచారములు నశించిపోవుచుండగా వానిని వ్రాసి భద్రపరచుటకు ఆయన తన జీవితమును వినియోగించెను. తల్లి థియొడోరాయు రచయిత్రియే కాని, ఆమె కలము పట్టినది పిల్లలు పెద్దవారైన పిదపనే. ముగ్గురన్నల తరువాత పుట్టిన ఉర్సులా ఆ ఇంటికి కడగొట్టు బిడ్డ. ఇల్లు పుస్తకములతో నిండియుండెను. వేసవిలో కుటుంబమంతయు నాపా లోయలోని పల్లెటింటికి పోయెడిది. అచ్చటికి పండితులు, శాస్త్రజ్ఞులు, ఆదిమజాతులకు చెందిన తండ్రి మిత్రులు వచ్చి పోవుచుండెడివారు. రాత్రులందు నెగడుచుట్టు కూర్చుండి తండ్రి ఆ జాతుల పురాణగాథలు చెప్పుచుండగా పిల్లలు వినుచుండెడివారు. ఒక జాతివారి ఆచారము మరియొక జాతివారికి వింతగా కనిపించుననియు, వింతయైనంతమాత్రమున అది తక్కువది కాదనియు ఆ బాలిక ఏ పాఠశాలయందును చెప్పకయే నేర్చుకొనెను.

ఆ ఇంటికి సంబంధించిన ఒక కథను ఇచ్చట చెప్పక తప్పదు. 1911వ సంవత్సరమున ఉత్తర కాలిఫోర్నియాలోని ఓరోవిల్ అను ఊరి దాపున, ఆకలితో కృశించిన ఒక ఆదిమజాతి పురుషుడు కనబడెను. అతని జాతి యాహీ. తెల్లవారు బంగారము కొరకును భూమి కొరకును వచ్చి ఆ జాతివారిని వేటాడిరి. తనవారందరు మరణింపగా అతడొక్కడే మిగిలెను. క్రోబరును ఆయన సహచరులును అతనిని శాన్ ఫ్రాన్సిస్కోలోని విశ్వవిద్యాలయ ప్రదర్శనశాలలో ఉంచి, అతని భాషను నేర్చుకొనుటకు యత్నించిరి. నీ పేరేమని అడిగినప్పుడు అతడు చెప్పలేదు. తన పేరు తానే పరులకు చెప్పుకొనుట అతని జాతివారి మర్యాద కాదు. అతని తరపున చెప్పుటకు తనవారు ఎవ్వరును మిగులలేదు. అందుచేత క్రోబర్ అతనిని ‘ఇషీ’ అని పిలిచెను. అతని భాషలో ఆ మాటకు మనుష్యుడని అర్థము. ఇషీ 1916లో క్షయవ్యాధిచే మరణించెను. అతని అసలు పేరు ఎవ్వరికిని తెలియకుండనే పోయెను.

ఇది ఉర్సులా పుట్టుటకు పదుమూడేండ్లు ముందు జరిగిన సంగతి. తల్లి థియొడోరా ఇషీ చరిత్రమును వ్రాసి 1961లో ప్రకటింపగా అది మిక్కిలి ప్రసిద్ధికెక్కెను. కూతురు తరువాత సృష్టించిన ద్వీపలోకమున ప్రతి మనుష్యునకును ఒక రహస్యనామము గలదు. పూర్తిగా నమ్మినవారికి తప్ప దానిని ఎవ్వరును చెప్పరు. ఈ రెంటికిని గల చుట్టరికమును చదువరులే ఊహించుకొనవచ్చును.

ఉర్సులా బాల్యముననే కథలు వ్రాయ మొదలిడెను. పదునొకండేండ్ల వయసున ఒక వైజ్ఞానిక కథల పత్రికకు కథ పంపగా అది తిరిగివచ్చెను. ఆమె 1951లో రాడ్‌క్లిఫ్ కళాశాలయందు పట్టము పొంది, మరుసటి సంవత్సరమున కొలంబియా విశ్వవిద్యాలయమునందు ఫ్రెంచి సాహిత్యములో ఎం. ఏ. పూర్తిచేసెను. 1953లో ఉపకారవేతనము లభింపగా పరిశోధనకై ‘క్వీన్ మేరీ’ అను ఓడలో ఫ్రాన్సుకు ప్రయాణమయ్యెను. ఆ ఓడలోనే చార్లెస్ లెగ్విన్ అను చరిత్ర విద్యార్థి పరిచయమయ్యెను. ఆ సంవత్సరము డిసెంబరులోనే వారిరువురు పారిస్ నగరమున వివాహమాడిరి. ఉర్సులా తన పరిశోధనను విడిచిపెట్టెను. కొంతకాలమునకు చార్లెస్‌కు ఆరెగాన్ రాష్ట్రములోని పోర్ట్‌లండ్ నగరమున ఆచార్యపదవి లభించెను. వారికి ఇద్దరు కుమార్తెలును ఒక కుమారుడును కలిగిరి. ఆమె తుదివరకు పోర్ట్‌లండులోనే నివసించెను.

రచయితల జీవితములను చదువువారు సాధారణముగా బహుమానములనుండి మొదలుపెట్టుదురు. లెగ్విన్ జీవితమున అంతకు ముందు గడచిన పదేండ్లు ఎక్కువ విలువ గలవి. 1951 మొదలు 1961 వరకు ఆమె అయిదు నవలలు వ్రాసెను. అవన్నియు దాదాపు ఒకే దేశమున జరిగిన కథలు. ఆ దేశము పేరు ఆర్సీనియా. అది మధ్య ఐరోపాలో ఉన్నట్లు ఆమె కల్పించినదే గాని పటములో ఎచ్చటను లేదు. ప్రచురణకర్తలు చదివిరి, తిప్పి పంపిరి. రచన బాగుగా లేదని వారు అనలేదు. ఇది ఏ జాతి పుస్తకమో తెలియుట లేదనిరి. నిజమైన దేశము కాదు గనుక సాంఘిక నవల కాదు. రాక్షసులును మంత్రములును లేవు గనుక అద్భుత కథయు కాదు. అంగడిలో ఏ అరలో పెట్టవలెనో తెలియని పుస్తకమును ఎవరు అచ్చు వేయుదురు? ఆమె మాత్రము వ్రాయుట మానలేదు. పగలు ఇంటి పనియు పిల్లల పనియు సరిపోయెడివి. పిల్లలు నిద్రించిన పిదప రాత్రివేళ బల్లయొద్ద కూర్చుండి వ్రాసెడిది.

తుదకు ఆమె ఒక ఉపాయమును కనుగొనెను. లేని లోకములను గూర్చి వ్రాసినను ఆక్షేపింపని పత్రికలు కొన్ని అమెరికాలో ఉండెను. అవి చవుక కాగితముపై అచ్చయి, రంగురంగుల బొమ్మలతో వెలువడు వైజ్ఞానిక కథల పత్రికలు. పండితులు వానిని చూచి ముఖము చిట్లించుకొనెడివారు. ‘ఫెంటాస్టిక్’ అను పత్రికకు సంపాదకురాలైన సీలీ గోల్డ్‌స్మిత్ 1962లో లెగ్విన్ కథ ‘ఏప్రిల్ ఇన్ పారిస్’ను ప్రకటించెను. నాటికి రచయిత్రికి ముప్పది రెండేండ్లు నిండినవి. 1964లో అదే పత్రికయందు వెలువడిన రెండు చిన్న కథలలో మాంత్రికులు నివసించు ద్వీపములు మొదటిసారి కనబడినవి. 1966లో ఆమె మొదటి నవల ‘రోకనన్స్ వరల్డ్’ అచ్చయ్యెను.

ఇట్లుండగా బర్క్‌లీలో పార్నాసస్ ప్రెస్ అను చిన్న ప్రచురణాలయమును నడుపుచున్న హెర్మన్ షైన్, పదునొకండేండ్లు దాటిన బాలబాలికలకై ఒక పుస్తకము వ్రాసియిమ్మని ఆమెను కోరెను. పిల్లలకొరకు వ్రాయుట తనకు చేతనగునా యని ఆమె మొదట వెనుదీసెను. పిదప ముసలి మాంత్రికుల బాల్యమును గూర్చిన ఆలోచన కలిగెను. కథకు ముందుగా ఆమె ఒక పెద్ద కాగితముపై సముద్రమును, అందు చెదరియున్న ద్వీపములను గీచి, ఒక్కొక్కదానికి పేరు పెట్టెను. ఏ ద్వీపమునుండి ఏ ద్వీపమునకు పోవుటకు ఏ దిక్కున తెరచాప ఎత్తవలెనో ఆ పటము చూచి నిర్ణయించెడిది. ఆ ద్వీపలోకము పేరు ఎర్త్‌సీ. భూమియు సముద్రమును కలిసిన పేరది. పుస్తకమునకు ‘ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ అని పేరు పెట్టెను. ఎర్త్‌సీ మాంత్రికుడని దాని కర్థము.

కథానాయకుడు గాంట్ అను కొండద్వీపమున కంచుపని చేయువాని కుమారుడు. తల్లి లేదు. మేకలు కాచుకొను ఆ పిల్లవానికి తల్లి సోదరియైన పల్లె మంత్రగత్తె కొన్ని చిన్న మంత్రములు నేర్పెను. పండ్రెండేండ్ల ప్రాయమున, తూర్పునుండి కార్గ్ దేశపు దోపిడికాండ్రు వచ్చి ఊరిమీద పడగా, ఆ బాలుడు పొగమంచును రప్పించి ఊరినంతయు దాచివేసెను. ఆ వార్త విని ఓజియన్ అను మౌనియైన మహామాంత్రికుడు వచ్చి, అతనికి ‘గెడ్’ అను నిజనామము నొసగి, శిష్యునిగా తీసికొనిపోయెను. ఓజియన్ ఒకప్పుడు భూకంపమును మాటలతో ఆపినవాడు. అట్టివాడు వాన కురిసినప్పుడు దానిని మంత్రముతో తొలగించుకొనడు. చెట్టుక్రింద పడుకొని తడియును. శక్తి యున్నప్పుడు దానిని వాడరాదా యని గెడ్‌కు విసుగు కలిగెను. త్వరగా గొప్పవాడు కావలెనను ఆతురతతో గురువును విడిచి, రోక్ ద్వీపమునందలి మాంత్రిక విద్యాలయమునకు పోయెను.

ఆ విద్యాలయమును గూర్చిన అధ్యాయములు ఈ పుస్తకమునకు అలంకారములు. ఎర్త్‌సీలో మంత్రమనగా వస్తువు నిజనామమును తెలిసికొనుట. రాతి నిజనామము తెలిసినవాడు రాతిని శాసింపగలడు. కాని సముద్రమును శాసింపవలెనన్నచో సముద్రమను ఒక్క మాట చాలదు. ప్రతి యఖాతమునకు, ప్రతి కయ్యకు, ప్రతి సుడికి గల వేరువేరు పేర్లు తెలిసియుండవలెను. అందుచేత విద్యార్థులు ఒక ఏకాంతపు గోపురములో కూర్చుండి, ఎక్కములు వల్లించినట్లు పేర్ల పట్టికలు వల్లింతురు. రాత్రికి ఆ పట్టికలు కాగితముపై నుండి మాయమగును గనుక ఆ రోజుననే కంఠస్థము చేయవలెను! మరియొక గురువు, చిన్న గులకరాతిని రత్నముగా మార్చుట సులభమే గాని, నిజముగా మార్చినచో లోకము యొక్క తూకము మారుననియు, దాని ఫలమేమో తెలియకుండ మార్చరాదనియు బోధించును. గెడ్ ఈ మాటలు వినెను, తలకెక్కించుకొనలేదు.

జాస్పర్ అను తోటి విద్యార్థి తన్ను తక్కువగా చూచుచున్నాడని అతనికి కోపము. ఒక రాత్రి అందరి యెదుట తన శక్తిని చూపదలచి, వేలయేండ్ల క్రిందట చనిపోయిన ఒక సుందరి యాత్మను గెడ్ పిలిచెను. ఆమె ఒక్క క్షణము కనబడెను. ఆ వెంటనే లోకపు గోడ చినిగినట్లయి, ఆ చీలికనుండి నల్లని నీడ యొకటి దూకి అతని ముఖమును చీల్చెను. విద్యాలయమునకు అధిపతియైన వృద్ధుడు నెమర్ల్ వచ్చి ఆ చీలికను మూసెను. ఆ ప్రయత్నములోనే ప్రాణములు విడిచెను. గెడ్ బ్రతికెను, ముఖమున మచ్చలతో. నీడ మాత్రము లోకములోనికి తప్పించుకొనిపోయెను.

అచ్చటినుండి కథ పరుగులు తీయును. గెడ్ ద్వీపమునుండి ద్వీపమునకు పారిపోవుచుండును; నీడ వెన్నంటును. దానికి పేరు లేదు గనుక దానిని శాసించు మంత్రము లేదు. పెండోర్ ద్వీపమునందలి మహాసర్పము, తన జోలికి రాకున్నచో నీడ పేరు చెప్పెదనని ఆశ చూపెను. గెడ్ ఆశపడక, తన్ను నమ్మియున్న జాలరుల పల్లెల రక్షణకే ఆ సర్పమును కట్టుబడి యుండునట్లు చేసెను. పుస్తకమున ఇది ఒక గొప్ప ఘట్టము. తుదకు ఓజియన్ యొద్దకే పోగా, పారిపోవుట మాని, వెనుదిరిగి దానినే వేటాడవలసినదని ఆ మౌని చెప్పెను. గెడ్, తనను నిందింపక నిలిచిన వెచ్ అను మిత్రునితో పడవ యెక్కి, తూర్పున పటములు ముగిసిన చోటికి పోయెను. అచ్చట నీడ యెదురైనప్పుడు ఇద్దరును ఒకేసారి ఒకరి పేరు ఒకరు పలికిరి. ఆ రెండు పేర్లును ఒక్కటే: గెడ్. యుద్ధములేదు, జయాపజయములు లేవు. తన నీడను తన పేరుతో పిలిచి, దానిని తనలో చేర్చుకొని, ఆ యువకుడు సంపూర్ణుడై తిరిగివచ్చెను. దుష్టుని చంపి కథ ముగించుటకు అలవాటుపడిన పాఠకులకు ఈ ముగింపు క్రొత్తగా తోచెను. శత్రువు బయటివాడు కాడని పిల్లలకు చెప్పుటకు సాహసించిన కథలు అంతకుముందు తక్కువ.

ఈ పుస్తకమున మరియొక సంగతి కలదు. తొందరలో చదువువారు దానిని గమనింపకపోవచ్చును. గెడ్ ఎరుపు గోధుమరంగువాడు. వెచ్ నల్లనివాడు. ఎర్త్‌సీ ద్వీపవాసులలో అధికులు చామనచాయ, నలుపు రంగులవారే. ఊళ్ళను దోచుకొన వచ్చిన కార్గ్ జాతివారు తెల్లనివారు. పడమటి అద్భుత కథలలో వీరుడు తెల్లనివాడై యుండుట నియమమువలె సాగుచున్న దినములలో లెగ్విన్ బుద్ధిపూర్వకముగా, ఆర్భాటము లేకుండ దీనిని తలక్రిందులు చేసెను. ఆమె మాట చిత్రకారుల చెవికెక్కలేదు. మొదటి ముద్రణకు రూత్ రాబిన్స్ గీచిన అట్టబొమ్మలో గెడ్ ముఖము రాగిరంగుననే యున్నది. తరువాతి ముద్రణలలో పెక్కింటిపై మాత్రము అతడు తెల్లవాడైపోయెను. పుస్తకములోపల ఒక మనుష్యుడు, అట్టమీద మరియొకడు! ఆమె ఎన్నో యేండ్లు ప్రచురణకర్తలతో పోరాడెను. 2004లో అమెరికాలో ఈ కథను టెలివిజను చిత్రముగా తీసినప్పుడు గూడ గెడ్ పాత్రను తెల్లని నటునకే ఇచ్చిరి. ఆమె ఊరకుండక, తన కథకు సున్నము పూసిరని పత్రికాముఖమున నిరసించెను. తమ రంగువారు వీరులుగా గల పుస్తకము మొదటిసారి దొరకినదని తన కృతిని చదివి సంతోషించిన బాలబాలికల పక్షమున ఆమె మాటాడెను.

ఎర్త్‌సీ కథలు ఒక పుస్తకముతో ఆగలేదు. 1971లో ‘ది టూంబ్స్ ఆఫ్ అటువాన్’, 1972లో ‘ది ఫార్దెస్ట్ షోర్’ వెలువడినవి. రెండవ పుస్తకమునకు బాలసాహిత్యమున ప్రతిష్ఠ గల న్యూబెరీ గౌరవమును, మూడవదానికి 1973లో జాతీయ గ్రంథ పురస్కారమును లభించినవి. మూడింటిలో మిక్కిలి బిగువైనది రెండవదే యని చెప్పవచ్చును. అందు నాయిక టెనార్. అయిదేండ్ల బిడ్డగా ఉన్నప్పుడే పూజారులు ఆమెను తల్లిదండ్రులయొద్దనుండి తెచ్చి, పేరు తీసివేసి, చీకటిదేవతల సమాధులకు అర్చకురాలిని చేసిరి. భూమిక్రింద దీపము వెలిగింపరాని సొరంగములలో ఆమె గోడలు తడిమి దారులు నేర్చుకొనెను. ఆ చీకటిలో దొంగవలె ప్రవేశించిన గెడ్‌ను ఆమె బంధించెను. అతనిని చంపుటయా, విడుచుటయా? అతడు ఆమెకు ఆమె పేరును తిరిగి యిచ్చెను. తాను పొందిన స్వేచ్ఛ బరువైనదని తెలిసి టెనార్ ఏడ్చు ఘట్టము పెద్దలను గూడ ఆలోచింపజేయును. మూడవ పుస్తకమున గెడ్, మరణమును జయింపగోరిన ఒక మాంత్రికుడు తెరచిన ద్వారమును మూయుటకు తన శక్తినంతయు ధారపోసెను.

అటుపై పదునెనిమిదేండ్లు గడచినవి. ఈ వ్యవధిలో రచయిత్రికి తన ద్వీపలోకముననే ఒక వెలితి కనబడెను. రోక్ విద్యాలయమున బాలురే గాని బాలికలు లేరు. స్త్రీలకు తెలిసిన మంత్రవిద్య అల్పమైనదని అచ్చటి జనులు చెప్పుకొందురు. స్త్రీయైన తానే ఇట్లు వ్రాయుటకు కారణమేమి? అంతవరకు తాను చదివిన వీరకథలన్నియు పురుషులవే యగుటచేత తెలియకుండనే ఆ బాటను నడచితినని ఆమె గ్రహించెను. మొదటి పుస్తకములను దిద్దుట ఆమెకు ఇష్టము లేదు. కథనే ముందుకు నడిపెను. 1990లో వెలువడిన ‘టెహానూ’ అను నాలుగవ పుస్తకమున టెనార్ నడివయసు వితంతువు. పాలు, వెన్న, మేకలు, వంటయిల్లు ఆమె లోకము. తనవారిచేతనే మంటలలోనికి త్రోయబడి సగము శరీరము కాలిన ఒక చిన్న బిడ్డను ఆమె పెంచుచుండును. శక్తిని కోల్పోయిన గెడ్ సిగ్గుతో తిరిగివచ్చి మరల మేకలు కాచును. ఇందేమి అద్భుతమున్నదని కొందరు పాఠకులు కోపించిరి. కాని ఈ పుస్తకమునకే నెబ్యులా బహుమానము వచ్చెను. 2001లో వెలువడిన కథలలో ఆమె మరియొక మెట్టెక్కి, ఆ విద్యాలయమును మొదట స్థాపించినవారిలో స్త్రీలును ఉండిరని చెప్పెను. ఆ సంవత్సరముననే అచ్చయిన ‘ది అదర్ విండ్’ ఆరు పుస్తకముల ఈ వరుసను ముగించి, మరుసటి యేట ప్రపంచ అద్భుత సాహిత్య పురస్కారమును గెలుచుకొనెను.

లెగ్విన్ వైజ్ఞానిక నవలలును అంతటి కీర్తి గడించినవి. ఆ సాహిత్యమునకు రెండు పెద్ద బహుమానములు కలవు. హ్యూగో బహుమానమును ఏటేట జరుగు ప్రపంచ సమావేశమున పాఠకులు వోట్లు వేసి నిర్ణయింతురు. నెబ్యులాను తోడి రచయితలు నిర్ణయింతురు. 1969లో వెలువడిన ‘ది లెఫ్ట్ హాండ్ ఆఫ్ డార్క్‌నెస్’ ఈ రెంటిని గెలుచుకొనెను. ఒకే నవలకు రెండును పొందిన మొదటి స్త్రీ లెగ్విన్. ఎల్లప్పుడును మంచు కురియు గ్రహమున, స్త్రీ పురుష భేదము స్థిరముగా లేని జనుల నడుమ, పరలోకమునుండి ఒంటరిగా వచ్చిన రాయబారి కథ యిది. అతడును దేశబహిష్కృతుడైన ఒక మంత్రియు మంచుబండి లాగుకొనుచు హిమక్షేత్రమును దాటుట ఇందలి ప్రధాన ఘట్టము. తండ్రి పరదేశ జాతులను పరిశీలించిన విధముననే కూతురు లేని జాతులను పరిశీలించెను. వారి పంచాంగము, ఆహారము, సామెతలు, మర్యాదలు అన్నియు ఇందు కలవు. 1974లో ‘ది డిస్పొసెస్డ్’ వచ్చెను. ప్రభుత్వమును ఆస్తియు లేని ఒక బీడు చంద్రలోకమునుండి, ధనికులును దరిద్రులును గల పచ్చని గ్రహమునకు పోయిన భౌతికశాస్త్రజ్ఞుని కథ యది. అదియు రెండు బహుమానములను పొందెను.

చిన్న కథలలో 1973 నాటి ఓమెలాస్ నగర కథ అన్నిటికంటె ఎక్కువ చదువబడినది. అది సర్వసుఖములు గల నగరము. అయితే ఆ సుఖమంతయు చీకటికొట్టులో బంధింపబడిన ఒక్క బిడ్డ దుఃఖముపై ఆధారపడియుండును. ఈ సంగతి నగరవాసులందరును ఎరుగుదురు. చాలమంది సమాధానపడి యుందురు. కొందరు మాత్రము ఏమియు మాటాడక నగరమును విడిచి పోవుదురు. వారు ఎచ్చటికి పోవుదురో కథ చెప్పదు. ఆ పేరు ఎచ్చటిదని అడిగినవారికి ఆమె నవ్వుచు సమాధానము చెప్పెడిది. కారులో పోవుచు అద్దములో వెనుకనున్న దారిపలకను చూడగా, ఆరెగాన్ రాష్ట్ర రాజధానియైన సేలమ్ పేరును, రాష్ట్రపు మొదటి అక్షరమును తిరుగబడి కనబడి, ఇంగ్లీషు అక్షరములలో ఓమెలాస్ అయినవట!

బహుమానములు అన్ని వచ్చినను వానికి ఆమె దాసురాలు కాలేదు. నెబ్యులా నొసగు రచయితల సంఘము, పోలండు దేశపు రచయితయైన స్టానిస్లావ్ లెమ్‌కు గౌరవసభ్యత్వము నిచ్చియుండెను. లెమ్ అమెరికను వైజ్ఞానిక కథలను నిశితముగా విమర్శించిన పిదప, 1976లో ఆ సభ్యత్వమును సంఘము రద్దు చేసెను. మరుసటి సంవత్సరము లెగ్విన్ వ్రాసిన ‘ది డైరీ ఆఫ్ ది రోజ్’ అను కథకు నెబ్యులా రానుండగా, ఆమె దానిని నిరాకరించెను. స్వతంత్రముగా ఆలోచించు మనుష్యుని మనస్సును ప్రభుత్వము చికిత్స పేరిట నాశనము చేయుట ఆ కథలోని విషయము. అట్టి కథకు, అభిప్రాయభేదమును సహింపని వారినుండి బహుమానము పుచ్చుకొనుట తగదని ఆమె తలచెను.

వయసు మీరినను ఆమె కలము ఆగలేదు. చిన్నపిల్లలకై రెక్కలు గల పిల్లికూనల కథలు వ్రాసెను. లావోత్సు యొక్క చీనా గ్రంథమును తన మాటలలో ఇంగ్లీషు చేసి 1997లో ప్రకటించెను. డెబ్బది యేండ్లు దాటిన పిదప, రోమను మహాకవి వర్జిల్ కావ్యమును లాటిను మూలమున చదివెను. అందు వీరుని భార్య కానున్న లవీనియా ఒక్క మాటయైనను పలుకకపోవుట చూచి, ఆమెచేతనే కథ చెప్పించుచు 2008లో ‘లవీనియా’ అను నవల వ్రాసెను.

2014 నవంబరులో న్యూయార్కు నగరమున జాతీయ గ్రంథ సంస్థ ఆమెకు అమెరికను సాహిత్యసేవకు గాను పతకము నొసగెను. నాటికి ఆమెకు ఎనుబది అయిదేండ్లు. ఆ గౌరవమును ఇన్నేండ్లు సాహిత్యసభల గుమ్మము బయట నిలువబడిన అద్భుత కథకులందరితో పంచుకొనుచున్నానని ఆమె చెప్పెను. అంతటితో ఆగలేదు. పుస్తకమును సబ్బుబిళ్ళవలె అమ్ముకొను సరుకుగా చేయుచున్న వ్యాపారమును, గ్రంథాలయములకు ఎలెక్ట్రానిక్ పుస్తకములను ఎక్కువ ధరలకు అమ్ముచున్న ప్రచురణకర్తలను విమర్శించెను. ఆమె పుస్తకములు అచ్చువేయువారు ఆ సభలోనే కూర్చుండియుండిరి. ప్రసంగము కొద్ది నిమిషములే. కాని అది దేశమంతట వ్యాపించెను.

అచ్చుకాని పుస్తకముల దేశమైన ఆర్సీనియాయు మరుగున పడలేదు. ఆ కథలు కొన్ని 1976లోను, ఒక నవల 1979లోను వెలువడినవి. అమెరికను మహారచయితల గ్రంథములను శాశ్వతముగా ముద్రించు లైబ్రరీ ఆఫ్ అమెరికా సంస్థ 2016లో లెగ్విన్ రచనల ప్రచురణకు పూనుకొనెను. బ్రతికియున్న రచయితలకు ఆ సంస్థ ఈ గౌరవము నొసగుట అరుదు. ఆ సంస్థ మొదట అచ్చువేసిన సంపుటము ఎర్త్‌సీ కాదు, ఆర్సీనియా కథలే.

లెగ్విన్ 2018 జనవరి 22వ తేదీన పోర్ట్‌లండులోని తన యింట మరణించెను. 2021లో అమెరికా ప్రభుత్వము ఆమె ముఖచిత్రముతో తపాలాబిళ్ళను వెలువరించెను. 2022 నుండి ఆమె పేరిట కల్పనా సాహిత్యమునకు ఒక బహుమానము నొసగబడుచున్నది. ఆమె మరణించిన యేటనే, అక్టోబరులో, ఎర్త్‌సీ కథలన్నియు ఒక్క పెద్ద సంపుటముగా వచ్చినవి. మొదటి పుస్తకము వెలువడి అప్పటికి సరిగా ఏబది యేండ్లు. అందలి చిత్రములను గీచిన చార్లెస్ వెస్, కొన్ని సంవత్సరములు ఆమెతో ఉత్తర ప్రత్యుత్తరములు జరిపి, సర్పముల రెక్కలెట్లుండవలెనో, పడవల తెరచాపలెట్లుండవలెనో, మనుష్యుల ముఖములెట్లుండవలెనో ఆమెను అడిగి తెలిసికొని మరియు గీచెను. ఆ సంపుటమును ఆమె చేతపట్టి చూడలేదు. అందు గెడ్ ఎరుపు గోధుమరంగువాడుగనే యున్నాడు.